నడుమనున్న నేల ఎవరిని కాపాడింది?

2022 ఫిబ్రవరి చివరి వారంలో తెలుగునాట చాలా ఇళ్ళలో ఐరోపా పటం తెరుచుకుంది. వైద్యవిద్య కోసం ఉక్రెయిన్ వెళ్ళిన పిల్లలు ఏ సరిహద్దు దాటి బయటపడతారో తెలుసుకోవడానికి, పోలండ్, హంగరీ, రుమేనియా అంచుల్లోని ఊళ్ళ పేర్లను తల్లిదండ్రులు వేలితో వెతుక్కున్నారు. పిల్లలు తిరిగి వచ్చాక పటం మూతబడింది గాని, ఆ రోజుల్లో మొదలైన ఒక మాట మాత్రం మన సంభాషణల్లో స్థిరపడిపోయింది. "రష్యా భయం రష్యాది. నెపోలియన్ వచ్చాడు, హిట్లర్ వచ్చాడు. మధ్యలో ఒక బఫర్ ఉండాలి కదా!" పెళ్ళి భోజనాల దగ్గర, ఉదయపు నడకల్లో, టీవీ చర్చల్లో ఈ మాటను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మొదట్లో నేనూ తలూపినవాణ్ణే.

ఆ మాటలో రెండు ముక్కలు ఉన్నాయి. మొదటి ముక్క, అంటే భయం, నిజమైనది. దానిని ఎగతాళి చేసేవారు 1941–45 మధ్య సోవియట్ యూనియన్‌లో చనిపోయిన సుమారు 2.7 కోట్ల మందిని మరచి మాట్లాడుతున్నారనుకోవాలి. రెండో ముక్క, అంటే తన చెప్పుచేతల్లో ఉండే దేశం ఒకటి మధ్యలో ఉంటే ఆ భయం తీరుతుందన్నది, మొదటిదాని తోక పట్టుకుని ఎవరూ ప్రశ్నించకుండానే లోపలికి వచ్చేసింది. ఐరోపాలో ఈ మందు మింగిన రాజ్యాలు చాలానే ఉన్నాయి గనుక, వాటికి రోగం తగ్గిందో లేదో చూడవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మధ్య దేశం ఎవరి సొత్తూ కానంతకాలమే అది ఇరుపక్కల వారికీ రక్ష. భయపడి దానిని చేజిక్కించుకున్నవాడు తన సరిహద్దును శత్రువు గుమ్మం దాకా జరుపుకుంటాడు, సరిహద్దుతో పాటు భయమూ అక్కడికే జరుగుతుంది.

ముందుగా ఆ మాట సంగతి. బఫర్ రైళ్ళ మాట. పెట్టెకూ పెట్టెకూ మధ్య స్ప్రింగుల మీద నిలిచే ఇనుప దిమ్మ అది. రెండు పెట్టెలు తాకినప్పుడు దెబ్బ తాను తీసుకుని లోపల కూర్చున్నవారికి కుదుపు తెలియకుండా చేస్తుంది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఈ మాట ఇంగ్లీషు రాజకీయ భాషలోకి ఎక్కింది, అదీ చాలావరకు బ్రిటిష్ ఇండియాకూ రష్యాకూ నడుమనున్న అఫ్గానిస్తాన్ గురించిన చర్చలలో. ఇలాంటి స్థితికి మన భాషలో ఎప్పటినుంచో ఒక మాట ఉంది: అడకత్తెరలో పోకచెక్క. రెండూ ఒకే దృశ్యాన్ని చెబుతున్నా, మన మాట పోకచెక్క పక్కన నిలబడి చూస్తుంది, రైలు మాట పెట్టెలో మెత్తటి సీటు మీద కూర్చుని చూస్తుంది. బఫర్‌లో మనుషులు ఉంటారని రైలు మాటకు తట్టదు.

మనుషులున్న బఫర్లలో అన్నింటికన్నా ఎక్కువ చరిత్ర ఉన్నది బెల్జియం నేలకు. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ దండ్లకు బెదిరిపోయిన డచ్చివారు, తమకూ ఫ్రాన్సుకూ నడుమనున్న ఈ నేల ఆస్ట్రియా చేతికి వచ్చినప్పుడు ఒక విచిత్రమైన ఏర్పాటు సంపాదించుకున్నారు. 1715 నాటి ఒడంబడిక ప్రకారం నమ్యూర్, తూర్నె, ఈప్ర్ వంటి కోటలలో, అంటే పరాయి రాజు సొంత నేల మీద, డచ్చి సైనికులు కాపలా ఉంటారు. ఫ్రెంచివాడు వస్తే మొదటి దెబ్బ అక్కడ పడుతుంది, తమ ఊళ్ళు క్షేమంగా ఉంటాయి. ముప్ఫై ఏళ్ళకు పరీక్ష వచ్చింది. 1745లో ఫ్రెంచి సేనాని మారిస్ ద సాక్స్ ఫాంతెన్వా దగ్గర గెలిచి తూర్నెను పట్టుకున్నాడు, మరుసటి ఏడు ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లోకి ప్రవేశించాడు. అడ్డుకట్ట అని పేరు పెట్టుకున్న కోటలు ఒకదాని వెంట ఒకటి లొంగిపోయాయి. 1780ల ఆరంభంలో ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ డచ్చి కాపలాను సాగనంపే నాటికి ఆ కోటల మీద ఎవరికీ పెద్దగా నమ్మకం మిగలలేదు.

నెపోలియన్ పతనం తరువాత 1815లో వియన్నాలో సమావేశమైన పెద్దలు అదే ఆలోచనను పెద్ద ఎత్తున అమలు చేశారు. హాలండ్‌నూ బెల్జియంనూ కలిపి ఒకే రాజు కింద పెట్టి, ఫ్రాన్సు ఉత్తరపు వాకిలికి బలమైన తలుపు బిగించామనుకున్నారు. ఆ తలుపు 15 ఏళ్ళకే లోపలి నుంచి విరిగింది. వేరే మతం, కొందరికి వేరే భాష, వేరే ప్రయోజనాలు ఉన్న బెల్జియం వారు 1830లో తిరగబడ్డారు, ఎందుకంటే వారిని ఎవరూ అడగలేదు. (ఆ రోజుల్లోనే ఆహెన్ పట్టణం పక్కన ఒక జింకు గని ఎవరికి చెందాలో ప్రష్యా, నెదర్లాండ్స్ తేల్చుకోలేక, సుమారు 3.5 చదరపు కిలోమీటర్ల నేలను ఎవరిదీ కాకుండా వదిలేశాయి. మోరెస్నే అనే ఆ బుల్లి నేల అలా ఒక శతాబ్దం బతికింది. ఐరోపాలో పోట్లాట లేకుండా సాగిన మధ్య నేలలను వెతికితే ముందు దొరికేది ఇదే కావడం నాకు నవ్వు తెప్పిస్తుంది.)

1830 తరువాత జరిగినదే నా వాదనకు కీలకం. లండన్‌లో ఏళ్ళ తరబడి సాగిన చర్చల చివర 1839 ఏప్రిల్ 19న కుదిరిన ఒడంబడికలో బ్రిటన్, ఫ్రాన్సు, ప్రష్యా, ఆస్ట్రియా, రష్యా ఐదూ కలిసి బెల్జియం స్వతంత్ర రాజ్యమనీ, శాశ్వతంగా తటస్థమనీ ఒప్పుకుని హామీ ఇచ్చాయి. ఈసారి కోటలలో పరాయి కాపలా లేదు, పరాయి రాజు అధికారమూ లేదు. ఉన్నది ఒక మాట, ఆ మాట తప్పినవాడి మీదికి మిగిలినవారు వస్తారన్న అనుమానం. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధానికి దిగినప్పుడు ఆ అనుమానం పనిచేసింది. బ్రిటన్‌లోని గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఆగస్టులో ఇద్దరితోనూ విడివిడిగా ఒప్పందాలు రాయించుకుంది: మీలో ఎవరు బెల్జియంలో అడుగుపెడితే బ్రిటన్ రెండోవారి పక్షాన దిగుతుంది. ఇద్దరూ సంతకం చేశారు, ఇద్దరూ పాటించారు. సెప్టెంబరు మొదట్లో బెల్జియం సరిహద్దుకు కొద్ది కిలోమీటర్ల దూరంలోని సెడాన్‌లో ఫ్రెంచి సైన్యం చుట్టుముట్టబడి, చక్రవర్తితో సహా లొంగిపోయింది గాని, యుద్ధం ఆ గీత దాటలేదు. మారిస్ ద సాక్స్‌ను ఆపలేకపోయిన కోటల కన్నా ఒక కాగితం గట్టిదని ఆ నెలలో తేలింది.

అదే కాగితాన్ని 1914లో చించేశారు కదా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఫ్రాన్సునూ రష్యానూ ఒకేసారి ఎదుర్కోవలసి వస్తుందన్న భయం జర్మన్ సేనాధిపతులను పట్టుకుంది. ముందు ఫ్రాన్సును వారాలలో ముగించి ఆ తరువాత తూర్పుకు తిరగాలన్న జర్మన్ సేనాధిపతి ష్లీఫెన్ ఆలోచన ఆ భయానికి పుట్టిన బిడ్డ. ఫ్రాన్సు తూర్పు సరిహద్దులో కోటలు గట్టివి గనుక దారి బెల్జియం గుండా పోవాలి. ష్లీఫెన్ మొదట నెదర్లాండ్స్ దక్షిణపు ముక్కను కూడా తొక్కుకుంటూ పోదామనుకున్నాడు. ఆయన తరువాత వచ్చిన చిన్న మోల్ట్‌కే దానిని మార్చాడు. సముద్రాన్ని బ్రిటన్ దిగ్బంధిస్తే తటస్థ హాలండ్ రేవుల ద్వారానే జర్మనీ ఊపిరి పీల్చుకోవాలి, కాబట్టి ఆ దేశాన్ని ముట్టుకోకూడదన్నాడు. ఒకే మనిషి, ఒకే పథకం, పక్కపక్కన రెండు తటస్థ దేశాలు: ఒకటి గొంతు గనుక దాని జోలికి పోవద్దు, రెండోది దారి గనుక తొక్కాలి. మధ్య దేశపు విలువను బయటివాడు లెక్క కట్టే తీరు ఇంతకన్నా నగ్నంగా మరెక్కడా కనిపించదు.

ఆగస్టు 2 సాయంత్రం 7 గంటలకు బ్రస్సెల్స్‌లో జర్మన్ రాయబారి అల్టిమేటం అందించాడు. జవాబుకు గడువు 12 గంటలు. బెల్జియం కాదన్నది. 4వ తేదీన సేనలు సరిహద్దు దాటాయి. అదే రోజు జర్మన్ చాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ తమ పార్లమెంటులో, ఇది అంతర్జాతీయ న్యాయానికి విరుద్ధమే, చేస్తున్నది తప్పే, పని పూర్తయ్యాక సరిదిద్దుతాం అని బాహాటంగా ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రమే బ్రిటిష్ రాయబారితో, ఒక చిత్తుకాగితం కోసమా మీరు యుద్ధానికి దిగేది అన్నాడు. లీయేజ్ చుట్టూ ఉన్న 12 దుర్గాలలో చివరిది 16న పడింది, 20న బ్రస్సెల్స్ పోయింది. దీనాన్ పట్టణంలో 23న 674 మంది పౌరులను చంపారు. రెండు రోజులకు లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం రెండు లక్షలకు పైగా పుస్తకాలతో తగలబడింది.

ఇక లెక్క చూద్దాం. దూరంగా చూస్తే బెల్జియం జర్మనీని రెండు వారాలకు పైగా ఆపలేకపోయింది. కానీ ఆ చిత్తుకాగితమే బ్రిటన్‌ను మొదటి రోజునే ఏకం చేసి యుద్ధంలోకి దించింది. జర్మనీ ఓటమికి అది చిన్న కారణమేమీ కాదు. జర్మనీ ఆ మాటను నమ్మి ఉంటే బెల్జియం మీదికి వచ్చేది కాదు. నమ్మకపోవడం వల్ల పెద్ద మూల్యం చెల్లించింది. మధ్య దేశపు బలం దాని కిలోమీటర్లలో కన్నా, దానిని తొక్కితే ఎవరు లేస్తారన్న ప్రశ్నలో ఎక్కువగా ఉందని నేను అంటున్నది ఇందుకే.

ఆ మాట వెనుక ఎవరూ లేకపోతే ఏమవుతుందో తరువాతి తరం ఫ్రాన్సు చూసింది. 1919లో మార్షల్ ఫోష్, రైన్ నది పడమటి ఒడ్డును జర్మనీ నుంచి విడదీసి మధ్య దేశంగా చేయాలని పట్టుపట్టాడు. ప్రధాని క్లెమాన్సో ఆ పట్టు విడిచి, బదులుగా అమెరికా, బ్రిటన్‌ల నుంచి రక్షణ హామీ తీసుకున్నాడు. అమెరికా సెనేట్ దానిని ఆమోదించలేదు, దానితో బ్రిటన్ హామీ కూడా గాలికి పోయింది. సైన్యరహితంగా ఉండవలసిన ఆ ప్రాంతంలోకి 1936 మార్చి 7న హిట్లర్ దండు నడిచి వెళ్ళింది, ఎవరూ కదలలేదు. ఇది నా వాదనకు ఇబ్బంది కలిగించే ఉదాహరణే, దాచను. వట్టి మాట వట్టి మాటే.

ఇప్పుడు తూర్పుకు పోదాం. మా తాతగారి ఊళ్ళో పక్కపక్క చేలవాళ్ళు ఇద్దరు ఉండేవారు. ప్రతి దుక్కికీ ఇటువాడు గట్టును ఒక జానెడు చెక్కేవాడు, అటువాడు ఊరుకునేవాడా, వాడూ ఒక జానెడు చెక్కేవాడు. కొన్నేళ్ళకు గట్టు అన్నది లేకుండా పోయింది, ఇద్దరి నాగళ్ళూ తగులుకున్నాయి, ఆ తరువాత కోర్టు మెట్లు. పోలండ్ విభజనల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ గట్టు గుర్తుకు వస్తుంది.

18వ శతాబ్దంలో పోలండ్ బలహీనమైన పెద్ద దేశం, చాలాకాలం రష్యా కనుసన్నలలో నడిచింది. దానిని ముక్కలు చేయకుండా మొత్తంగా తన నీడలో ఉంచుకోవడమే రష్యాకు మేలని రాణి కేథరిన్ సలహాదారు పానిన్ వంటివారు తలచారు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కోరిక మాత్రం వేరు. 1772, 1793, 1795లలో మూడు విడతలుగా ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పూర్తిగా పంచుకున్నాయి. మూడో విడతకు ఆస్ట్రియా కలిసింది, రెండో విడతకు కలవలేదు. 1797లో కుదిరిన ఒప్పందపు రహస్య అంశంలో, పోలండ్ రాజ్యం ఒకప్పుడు ఉండేదని గుర్తుచేసే పేరును కూడా ఇకపై వాడరాదని రాసుకున్నారు. గట్టు పోయింది, గట్టు ఉండేదన్న జ్ఞాపకాన్ని కూడా చెక్కేయాలనుకున్నారు.

ఫలితం వెంటనే కనిపించింది. అంతవరకు ఐరోపా పెద్ద శక్తులకూ రష్యాకూ నడుమ వందల కిలోమీటర్ల పరాయి నేల ఉండేది; ఇప్పుడు నాగళ్ళు తగులుకున్నాయి. 1812 జూన్ 24న నెపోలియన్ మహాసేన నేమన్ నది దాటినప్పుడు అది కాలు మోపింది రష్యా కొత్తగా మింగిన నేల మీదే. ఆ సేనలో సుమారు లక్ష మంది పోలండ్ వారు ఉన్నారు, తమ దేశం తిరిగి వస్తుందన్న ఆశతో. తన సైనికులకు చేసిన ప్రకటనలో నెపోలియన్ ఈ దండయాత్రను రెండవ పోలండ్ యుద్ధం అని పిలిచాడు. మింగిన మధ్య దేశం లోపల అరగక, శత్రువు జెండా పట్టుకుని తిరిగి వచ్చింది.

సరిగ్గా ఇదే పాఠం మళ్ళీ 1939లో నడిచింది, అంతకు మించిన నష్టంతో. ఆ ఏడు ఆగస్టులో బ్రిటన్, ఫ్రాన్సు సైనిక ప్రతినిధులు మాస్కోలో ఉన్నారు. ఆగస్టు 14న సోవియట్ సేనాని వొరోషీలొవ్ వారిని ఒక సూటి ప్రశ్న అడిగాడు: జర్మనీ దండెత్తితే ఎర్రసేన పోలండ్ గుండా వెళ్ళి యుద్ధం చేయడానికి ఆ దేశం ఒప్పుకుంటుందా? సైనికంగా చాలా సమంజసమైన ప్రశ్న. పోలండ్ ఒప్పుకోలేదు. దానిని మూర్ఖపు పట్టుదల అని కొట్టిపారేసేవారు చాలామంది ఉన్నారు, నేనైతే అంత తొందరపడను. 1795 తరువాత ఒక శతాబ్దానికి పైగా రష్యా సైన్యాలు తమ ఊళ్ళలోనే ఉన్నాయి, 1920లో మళ్ళీ వార్సా అంచుల దాకా వచ్చాయి. లోపలికి వస్తే తిరిగి వెళతారా అన్న ప్రశ్నకు మాస్కో నుంచి నమ్మదగిన జవాబు వారి చరిత్రలో ఒక్కటీ లేదు. రష్యాకు దండయాత్రల భయం ఉండటం ఎంత న్యాయమో, రష్యా అంటే పోలండ్‌కు భయం ఉండటమూ అంతే న్యాయం. మన చర్చల్లో మొదటి భయానికి దొరికే సానుభూతిలో పదో వంతు కూడా రెండోదానికి దొరకదు.

ఆగస్టు 23న స్టాలిన్, హిట్లర్‌ల మధ్య ఒప్పందం కుదిరింది, దాని రహస్య అనుబంధంలో పోలండ్, బాల్టిక్ దేశాలు, ఫిన్లాండ్ పంపకానికి గీతలు పడ్డాయి. సెప్టెంబరు 1న జర్మనీ పడమటి నుంచి, 17న సోవియట్ సేన తూర్పు నుంచి పోలండ్‌లో దిగాయి. మరుసటి ఏడు వేసవిలో ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా కూడా సోవియట్ యూనియన్‌లో కలిసిపోయాయి. స్టాలిన్ దృష్టిలో ఇది సరిహద్దును కొన్ని వందల కిలోమీటర్లు పడమటికి జరిపిన ఘనవిజయం. ఆచరణలో జరిగింది వేరు. పాత సరిహద్దు వెంట ఏళ్ళ తరబడి కట్టిన రక్షణ వరుసను నిర్లక్ష్యం చేశారు, కొత్త సరిహద్దులో కట్టవలసినది పూర్తి కాలేదు. సైన్యాన్ని, విమానాలను ముందుకు తెచ్చి కొత్త నేల మీద పెట్టారు. అన్నిటికన్నా ముఖ్యంగా, హిట్లర్‌కూ స్టాలిన్‌కూ నడుమ మరొకరి సైన్యం గాని, మరొకరి ప్రభుత్వం గాని, హెచ్చరించేవాడు గాని మిగలలేదు.

1941 జూన్ 22 తెల్లవారుజామున దాడి మొదలైంది. కౌనస్, విల్నియస్ 24న పడ్డాయి. మిన్స్క్ 28న పడింది. మిన్స్క్ ఎక్కడుందో పటంలో చూడండి: అది 1939కి ముందు నుంచీ సోవియట్ నగరమే, పాత సరిహద్దుకు ఇవతల ఉంది. అంటే రెండేళ్ళ కిందట అంత ఖర్చుతో సంపాదించిన రక్షణ నేలను జర్మన్ కవచ దళాలు ఆ దిశలో వారం లోపే దాటేశాయి. బియలిస్టాక్, మిన్స్క్‌ల మధ్య చిక్కి పట్టుబడిన సోవియట్ సైనికులు సుమారు 3 లక్షల మంది. ఆ బియలిస్టాక్ కూడా 1939లో తెచ్చుకున్న ముక్కే. దాడికి వారం ముందు, జూన్ 14న, బాల్టిక్ దేశాల నుంచి వేలాది కుటుంబాలను పశువులను తోలే రైలు పెట్టెలలో సైబీరియాకు తరలించారు. ఆ గాయం పచ్చిగా ఉండగానే వచ్చిన జర్మన్ సేనలకు అక్కడ పలుచోట్ల స్వాగతం దొరికింది. ఆ స్వాగతం వెంటనే యూదుల ఊచకోతలు నడిచాయన్నది ఆ కథలో మరో చీకటి.

దీనికి ఒక గట్టి ప్రతివాదం ఉంది. జర్మన్లు మాస్కో ముంగిట ఆగిపోయారు కదా, ఆ అదనపు దూరమే లేకపోతే మాస్కో పడి ఉండేది కదా అని. నేను ఈ వాదాన్ని తేలిగ్గా తీసుకోను, అయితే రెండు సంగతులు అడ్డు వస్తాయి. 1812లో గాని, 1941లో గాని దండయాత్రను తినేసిన దూరం రష్యా సొంత నేల: స్మొలెన్స్క్ దగ్గర రెండు నెలల పోరు, శరత్కాలపు బురద, రైలు పట్టాల వెడల్పు తేడా, ఆ తరువాత చలి. కొత్తగా చేర్చుకున్న నేల మీద ఎర్రసేన కోల్పోయినది సంపాదించినదాని కన్నా ఎక్కువ. రెండోది, 1939లో పోలండ్‌ను కూల్చడంలో చెయ్యి వేయకుండా ఉంటే జర్మనీ ఎదుట ఇంకో ప్రత్యర్థి ఎంతకాలం నిలిచేదో ఎవరూ చెప్పలేరు గాని, ప్రత్యర్థి అంటూ ఒకడు ఉండేవాడు.

ఫిన్లాండ్ కథ ఈ విషయంలో దాదాపు ప్రయోగశాలలో చేసిన పరీక్షలాంటిది. 1939 శరత్కాలంలో స్టాలిన్ వాదన పైకి న్యాయంగానే ఉంది. లెనిన్‌గ్రాడ్ నగరం సరిహద్దుకు 32 కిలోమీటర్ల దూరంలో ఉంది. నగరాన్ని జరపలేం గనుక సరిహద్దును జరపాలి, బదులుగా ఉత్తరాన రెండింతల భూమి ఇస్తాం. ఫిన్లాండ్ ఒప్పుకోలేదు. నవంబరు 30న యుద్ధం మొదలై మార్చి 13న ముగిసింది. లక్షకు పైగా సోవియట్ సైనికుల ప్రాణాలు పోయాయి. ఫిన్లాండ్ సుమారు పదో వంతు భూమిని వదులుకుంది. అక్కడ ఉండే 4 లక్షలకు పైగా జనం రష్యా పాలనలో ఉండలేక, ఇళ్ళు వదిలి పడమటికి వెళ్ళిపోయారు. ఆ మార్చి నాటికి స్టాలిన్ కోరుకున్న దూరం దక్కింది. పదిహేను నెలలు తిరిగేసరికి, అంతకు ముందు తటస్థంగా ఉండిన ఆ దేశం జర్మనీ పక్కన నిలబడి యుద్ధంలోకి వచ్చింది. 1941 ఆగస్టు చివరికల్లా వీపురీ నగరాన్ని తిరిగి పట్టుకుంది, సెప్టెంబరుకు పాత సరిహద్దు దగ్గర నిలిచింది, లెనిన్‌గ్రాడ్ దిగ్బంధానికి ఉత్తరపు వైపు మూతబెట్టింది. ఆ దిగ్బంధం 872 రోజులు సాగింది.

1944 తరువాత జరిగినది ఇంకా ఆసక్తికరం. ఓడిన ఫిన్లాండ్‌ను సోవియట్ యూనియన్ ఆక్రమించలేదు. 1948లో స్నేహ ఒడంబడిక రాయించుకుంది, హెల్సింకి పక్కనున్న పోర్క్కల సైనిక స్థావరాన్ని కూడా 1956లో ఖాళీ చేసింది. ఫిన్లాండ్ వారు దీనికి మూల్యం చెల్లించారు. పత్రికలు మాస్కోను నొప్పించే రాతలు తమకు తామే ఆపుకున్నాయి. పాతికేళ్ళకు పైగా ఒకే అధ్యక్షుడు, ఉర్హో కెక్కొనెన్, మాస్కోకు నమ్మకస్థుడన్న గుర్తింపుతో ఏలాడు. అది గౌరవంగా బతకడమేనా అని ఆ దేశంలోనే నేటికీ వాదించుకుంటారు. అయినా, సోవియట్ సరిహద్దులన్నిటిలోనూ మాస్కోకు అతి తక్కువ తలనొప్పి తెచ్చినది ఈ ఎవరిదీ కాని దేశమే. తన చేతిలో పెట్టుకున్న హంగరీకి 1956లో, చెకొస్లొవేకియాకు 1968లో ట్యాంకులు పంపవలసి వచ్చింది. సోవియట్ సైనిక కూటమి అయిన వార్సా ఒప్పందపు 36 ఏళ్ళ జీవితంలో సభ్యదేశాల సేనలు కలిసి నడిచిన ఏకైక దండయాత్ర తమ సొంత సభ్యదేశం మీదే.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పాలి. 1919 ప్రాంతంలో ఫ్రెంచి నాయకులు బాల్టిక్ దేశాలు, పోలండ్, రుమేనియాల వరుసను బొల్షివిజం పడమటికి పాకకుండా ఆపే ఆరోగ్య కంచె అని పిలిచారు, అంటువ్యాధి ఊళ్ళ చుట్టూ వేసే కాపలా పేరే అది. పాతికేళ్ళ తరువాత, యుద్ధం ముగిసే ముందు మిత్రదేశాల అధినేతలు కలిసిన యాల్టాలో స్టాలిన్ అదే నేలను, ముఖ్యంగా పోలండ్‌ను, శత్రువు రష్యా మీదికి నడిచి వచ్చే నడవా అన్నాడు, దానిని లోపలి నుంచి పోలండే మూయగలగాలన్నాడు. ఒకే ఊళ్ళు, ఒకే పొలాలు. ఒకరికి కంచె, మరొకరికి నడవా. ప్రతివాడి జ్ఞాపకమూ తనకు తగిలిన దెబ్బ దగ్గర మొదలవుతుంది. 1812 చెప్పుకునేవారు 1794లో రష్యా సేనాని సువొరొవ్ సేనలు వార్సా శివారు ప్రాగాలో చేసిన ఊచకోతతో గాని, 1814లో రష్యా సేనలు పారిస్‌లో కవాతు చేయడంతో గాని కథ మొదలుపెట్టరు. ఫ్రాన్సు 1870 అంటుంది. రైన్ తీరపు జర్మన్లు 1689లో పదునాలుగవ లూయీ సేనలు తగలబెట్టిన హైడల్‌బర్గ్ అంటారు.

ఇప్పుడు ఆ పెళ్ళిభోజనాల మాట దగ్గరకు తిరిగి రావచ్చు. ఉక్రెయిన్ బఫర్‌గా ఉంటే యుద్ధం వచ్చేది కాదంటారు. కానీ ఉక్రెయిన్ బఫర్‌గానే ఉంది. 1990 నాటి సార్వభౌమత్వ ప్రకటనలోనే శాశ్వత తటస్థత తమ ఉద్దేశమని రాసుకుంది. 2010లో ఏ సైనిక కూటమిలోనూ చేరబోమని చట్టం చేసింది. 2014 ఫిబ్రవరి, మార్చి నెలల్లో క్రిమియా చేజారిన నాడు ఆ చట్టం అమలులోనే ఉంది. దానిని రద్దు చేసినది ఆ డిసెంబరులో. ఈ తేదీల వరుసను చూశాక, తటస్థత లేకపోవడం వల్లనే దాడి జరిగిందన్న వాదనను నేను నమ్మలేకపోతున్నాను.

పడమటివారు నిర్దోషులని నేను అనను. 2008లో బుఖారెస్ట్ సమావేశంలో నాటో, ఉక్రెయిన్, జార్జియాలు ఎప్పటికైనా సభ్యులవుతాయని ప్రకటించి, ఎప్పుడో, ఎలాగో చెప్పకుండా వదిలేసింది. మాస్కోను కలవరపెట్టడానికి చాలినంత, కీవ్‌ను కాపాడటానికి చాలనంత. ఇంతకన్నా చెడ్డ కొలత ఉండదు. అంతకు ముందు 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్‌లో, ఉక్రెయిన్ తన నేల మీదున్న అణ్వాయుధాలను వదులుకున్నందుకు రష్యా, అమెరికా, బ్రిటన్ దాని సరిహద్దులను గౌరవిస్తామని సంతకం చేశాయి. ఆ పత్రపు ఇంగ్లీషు పాఠంలో ఉన్నది భరోసా. హామీ అన్న మాట పడకుండా రాసినవారు జాగ్రత్తపడ్డారు. ఇదీ పాత విద్యే. 1867లో లక్సెంబర్గ్‌ను తటస్థ దేశంగా చేసి, దాని ప్రసిద్ధ కోటను కూల్చివేయించి, ఐరోపా శక్తులు ఉమ్మడిగా హామీ ఇచ్చాయి. సిరా ఆరకముందే బ్రిటిష్ విదేశాంగ మంత్రి స్టాన్లీ, ఉమ్మడి హామీ కాబట్టి హామీదారులలో ఒకరు మాట తప్పితే మిగిలినవారు విడివిడిగా యుద్ధం చేయనక్కరలేదని తమ పార్లమెంటుకు అర్థం చెప్పాడు. కోటను కూల్చే పని 1883 దాకా సాగింది. 1914 ఆగస్టు 2న జర్మన్ సేనలు ఆ దేశంలోకి నడిచి వచ్చినప్పుడు లక్సెంబర్గ్ కోసం ఎవరూ కదలలేదు. రెండు రోజుల తరువాత బెల్జియం కోసం బ్రిటన్ కదిలింది.

ఫిన్లాండ్ ఈ తేడాను దశాబ్దాలుగా గమనిస్తూనే ఉంది. 2022 మేలో, దాడి మొదలై మూడు నెలలు కూడా నిండకముందే, నాటో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకుంది; 2023 ఏప్రిల్ 4న సభ్యదేశమైంది. లెనిన్‌గ్రాడ్‌కు 32 కిలోమీటర్లు చాలవని స్టాలిన్ యుద్ధానికి దిగిన ఆ సరిహద్దు ఇప్పుడు సుమారు 1,340 కిలోమీటర్ల పొడవునా నాటో సరిహద్దు. ఆ కూటమితో రష్యాకు ఉన్న భూసరిహద్దు ఆ ఒక్క రోజున రెట్టింపుకు పైగా పెరిగింది.